కార్న్‌వాల్ వివాహాలు (1824–1826): ప్రతిలోమ ప్రేమ, చెరోకీ చట్టం

ప్రస్తావన

అమెరికా పశ్చిమ ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకున్న ప్రేమనవలల్లో, చలనచిత్రాల్లో పదేపదే కనిపించే ఇతివృత్తం ఒకటి ఉంది. షయెన్ తెగ యువకుడు, వలస కుటుంబానికి చెందిన శ్వేతజాతి యువతి, వారిద్దరి మధ్య నిషిద్ధమైన ప్రేమ. ఈ ఇతివృత్తానికి ఉన్న ప్రచారంతో పోలిస్తే షయెన్ చరిత్రలో దానికి దొరికే ఆధారాలు బహు స్వల్పం. మైదాన ప్రాంతపు చరిత్రలో విస్తారంగా నమోదైనది దీనికి సరిగ్గా తలకిందులైన సంబంధం. ఆర్కన్సా నది ఒడ్డున కోట కట్టుకొని వ్యాపారం చేసిన విలియం బెంట్ 1835 ప్రాంతంలో షయెన్ల పవిత్ర బాణాల సంరక్షకుడైన వైట్ థండర్ కుమార్తె ఔల్ ఉమన్‌ను వివాహమాడాడు. ఆ పెళ్ళి వల్ల బెంట్ వెలి కాలేదు సరికదా, అతని వ్యాపారానికి బంధుబలం చేకూరింది. స్త్రీపురుషుల స్థానాలు తారుమారైనప్పుడు మాత్రం భాషే మారిపోయింది. 1860, 1870 దశకాల్లో షయెన్ గుడారాలలో ఉన్న శ్వేతజాతి స్త్రీల గురించి వలస సమాజం రాసుకున్నదంతా బందీల కథనమే. ఆ కథనానికి ‘అపహరణ’, ‘విముక్తి’ అనే పదాలు తెలుసు. ప్రేమ, వివాహం అనే పదాలకు అందులో చోటు లేదు.

ఆదివాసీ పురుషుడికీ వలసవర్గపు స్త్రీకీ మధ్య పుట్టిన ప్రేమ చట్టబద్ధమైన వివాహంగా పరిణమించి, దాని చుట్టూ రేగిన కలహం ఉత్తరాల రూపంలో మిగిలిన సందర్భాన్ని పరిశీలించాలంటే మైదానాల నుంచి తూర్పుకు, కాలంలో మరికొంత వెనక్కి వెళ్ళవలసి ఉంటుంది. కనెక్టికట్ రాష్ట్రంలోని కార్న్‌వాల్ అనే చిన్న గ్రామంలో 1824లో ఒకటి, 1826లో ఒకటి, రెండు వివాహాలు జరిగాయి. వరులిద్దరూ చెరోకీ జాతి యువకులు. వధువులిద్దరూ ఆ ఊరి క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలు. ఈ రెండు వివాహాలలో నిషేధానికి గురైనది జాతుల కలయికా, లేక ఆ కలయిక జరిగిన దిశా అన్నది ఈ వ్యాసంలో ప్రధాన ప్రశ్న.

దిశ అనే మాట ఇక్కడ కొత్తది కాదు. ధర్మశాస్త్రాలు వివాహాలను అనులోమం, ప్రతిలోమం అని విభజించాయి. పై వర్ణపు పురుషుడు కింది వర్ణపు స్త్రీని చేపడితే అనులోమం. అది తక్కువరకమే అయినా సహించదగినది. స్త్రీ పై వర్ణానికి, పురుషుడు కింది వర్ణానికి చెందితే ప్రతిలోమం. మనుస్మృతి పదవ అధ్యాయం అత్యంత కఠినమైన వెలిని ఈ రెండవ రకపు సంతానానికే విధించింది. వర్ణమూ, అమెరికన్ సమాజపు జాతిభావనా ఒకటి కావు. వాటి మూలాలు, మతసమర్థనలు వేర్వేరు. అయినా దిశకు సంబంధించిన ఈ వ్యాకరణం కార్న్‌వాల్ ఘటనలకు ఆశ్చర్యకరంగా సరిపోతుంది. ఆంగ్లంలో ‘మిశ్రమ వివాహం’ అనే ఒకే మాట కింద మరుగునపడే తేడాను సంస్కృతం ఇచ్చిన ఈ జంటపదాలు బయటపెడతాయి.

అన్యదేశీయుల పాఠశాల

అమెరికన్ బోర్డు అనే మిషనరీ సంస్థ 1810లో ఏర్పడింది. తెలుగునాటి క్రైస్తవ చరిత్ర చదివినవారికి ఈ సంస్థతో పరోక్షమైన పరిచయం ఉంటుంది. 1812లో అది కలకత్తాకు పంపిన తొలి బృందంలోని అడోనిరామ్ జడ్సన్, లూథర్ రైస్ బాప్టిస్టులుగా మారడం వల్లనే 1814లో అమెరికన్ బాప్టిస్టుల విదేశీ మిషన్ సంస్థ ఏర్పడింది. 1840లో శామ్యూల్ డే నెల్లూరులో స్థాపించిన మిషన్ ఆ శాఖ నుంచి వచ్చినదే. ఇక మాతృసంస్థ అయిన అమెరికన్ బోర్డు 1817లో కార్న్‌వాల్‌లో ఒక ప్రయోగం తలపెట్టింది. మిషనరీలను దూరదేశాలకు పంపడానికి బదులు ఆ దేశాల యువకులనే ఇక్కడికి రప్పించి, చదువు చెప్పి, క్రైస్తవులుగా తీర్చిదిద్ది తిరిగి పంపడం దాని ఉద్దేశం. మొదటి ఏడాది చేరిన పన్నెండుగురిలో ఏడుగురు హవాయీ దీవులవారు. ఒక హిందువు, ఒక బెంగాలీ కూడా ఉన్నారు. అటుపిమ్మట అమెరికా ఆదివాసీ తెగల నుంచి విద్యార్థులు రావడం మొదలైంది. వారిలో చెరోకీలు ప్రముఖులు.

1818–19లో వచ్చిన చెరోకీ విద్యార్థులలో ఇద్దరు అన్నదమ్ముల పిల్లలు ఉన్నారు. ఒకడు జాన్ రిడ్జ్. చెరోకీ నాయకులలో అగ్రగణ్యుడైన మేజర్ రిడ్జ్ కుమారుడు. రెండవవాడు మేజర్ రిడ్జ్ తమ్ముడి కొడుకు. ఇంట్లో అతని పేరుకు ‘మగజింక’ అని అర్థం. ఆంగ్లంలో బక్ అనేవారు. కార్న్‌వాల్‌కు వస్తూ దారిలో న్యూజెర్సీలోని బర్లింగ్‌టన్‌లో ఇలియాస్ బూడినాట్ అనే వృద్ధుణ్ణి కలిశాడు. అమెరికా స్వాతంత్ర్యోద్యమ కాలపు కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించి, తరువాత అమెరికన్ బైబిల్ సొసైటీకి అధ్యక్షుడైన వ్యక్తి ఆయన. ఆ కాలపు ఆచారం ప్రకారం ఈ బాలుడు ఆ పోషకుడి పేరునే స్వీకరించాడు. చరిత్రలో ఇలియాస్ బూడినాట్ అంటే ఇప్పుడు ఎక్కువమందికి గుర్తుకు వచ్చేది ఈ చెరోకీ యువకుడే.

పాఠశాల పెట్టినవారి ఆదర్శానికి ఈ ఇద్దరు యువకులు సజీవ నిదర్శనాలు. ఆంగ్లం, భూగోళం, చరిత్ర, లాటిన్ చదివారు. చర్చికి వెళ్ళారు. దాతల ముందు ఉపన్యసించారు. ‘నాగరికత’ నేర్పితే ఆదివాసీ శ్వేతజాతీయునితో సమానుడవుతాడన్న మాటకు రుజువుగా వారిని ఊరూరా చూపేవారు. ఈ సమానత్వాన్ని చివరిదాకా తీసుకువెళితే వచ్చే ప్రశ్న ఒకటి ఉంది. సమానుడైనవాడికి పిల్లను ఇస్తారా? ఆ ప్రశ్నను పాఠశాల నిర్వాహకులు తమంతట తాముగా వేసుకున్న దాఖలా లేదు.

జాన్ రిడ్జ్, సారా నార్త్రప్

తుంటిరోగంతో జాన్ రిడ్జ్ చాలాకాలం మంచం పట్టాడు. పాఠశాల భోజనవసతులు చూసే జాన్ నార్త్రప్ ఇంట్లో అతనికి చికిత్స, సపర్యలు జరిగాయి. ఆ ఇంటి కూతురు సారా అప్పటికి ఇంకా కౌమారం దాటలేదు. రోగి గదికి ఆమె వచ్చిపోతూ ఉండేది. కార్న్‌వాల్ స్థానిక చరిత్రలు చెప్పే కథనం ప్రకారం, యువకుడు దిగులుగా ఉండటం గమనించిన సారా తల్లి కారణం అడిగింది. అతను దాచకుండా చెప్పాడు. కూతురిని అడిగితే ఆమె కూడా దాచలేదు. వెంటనే సారాను తాత, అమ్మమ్మల దగ్గరికి న్యూ హేవెన్‌కు పంపేశారు. అక్కడ ఆమె మనసు మరొకరి మీదికి మళ్ళలేదు. చివరికి తల్లి ఒక షరతు పెట్టింది. రిడ్జ్ స్వదేశానికి వెళ్ళి, రెండేళ్ళ తరువాత చంకకర్రలు లేకుండా నడిచి వస్తే పెళ్ళి చేస్తానన్నది.

ఈ షరతును ప్రేమకథగా చదువుకోవచ్చు. వాయిదా వేసి మరిచిపోయేలా చేయడానికి పెద్దలు ఎప్పుడూ వాడే ఉపాయంగా కూడా చదువుకోవచ్చు. రెండో పఠనమే వాస్తవానికి దగ్గరగా కనిపిస్తుంది. అయితే రిడ్జ్ కర్రలు లేకుండానే తిరిగివచ్చాడు. 1824 జనవరి 27న కార్న్‌వాల్‌లో వివాహం జరిగింది.

అభ్యంతరం ఒకవైపు నుంచి మాత్రమే వచ్చిందనుకోవడం పొరపాటు. రిడ్జ్ తల్లి కూడా మొదట ఇష్టపడలేదు. తన కుమారుడు చెరోకీ పిల్లనే చేసుకోవాలని ఆమె కోరిక. ఈ విముఖతకు కారణం కేవలం ఆత్మాభిమానం కాదు. దాని వెనుక చెరోకీ గోత్రవ్యవస్థ ఉంది. ఆ విషయం ముందు వివరించబడుతుంది.

పెళ్ళి తరువాత లిచ్‌ఫీల్డ్ నుంచి వెలువడే ‘అమెరికన్ ఈగిల్’ పత్రిక సంపాదకుడు ఐజయా బన్స్ తీవ్రమైన దాడి మొదలుపెట్టాడు. ఆ రాతలలో పదునంతా వధువు మీదికి, ఆమె తల్లి మీదికి మళ్ళింది. వరుడు దుర్మార్గుడని నిరూపించడం కష్టం. అతను విద్యావంతుడు, సంపన్నుడి కుమారుడు, క్రైస్తవ ఆచారాలు తెలిసినవాడు. అందుచేత ‘తమ’ ఆడపిల్ల ఎలా పోగలిగింది, ఆమెను ఎవరు పోనిచ్చారు అన్నదే చర్చగా మారింది. ప్రతిలోమ వివాహం ఎక్కడ జరిగినా కోపం ముందుగా స్త్రీ మీద, తరువాత ఆమెను కన్నతల్లి మీద పడుతుందన్న పరిశీలనకు ఇది ఒక ఉదాహరణ. కలవరపడిన పాఠశాల నిర్వాహకులు ఇటువంటి పెళ్ళి ఇకముందు జరగదని ప్రజలకు హామీ ఇచ్చారు. ఆ హామీ నిండా ఏడాదిన్నర కూడా నిలవలేదు.

హారియెట్ గోల్డ్

బెంజమిన్ గోల్డ్ కార్న్‌వాల్‌లో పెద్దమనిషి. చర్చిలో డీకన్. పాఠశాలకు మొదటినుంచీ అండగా నిలిచినవాడు. ఆయన కూతురు హారియెట్ 1805లో పుట్టింది. చర్చి గాయకబృందంలో పాడేది. భక్తురాలని ఊరంతటా పేరు. ఆమె అక్కలను చేసుకున్నవారిలో ఇద్దరు బోధకులు. వారిలో హెర్మన్ వెయిల్ కొంతకాలం ఆ పాఠశాలలోనే పాఠాలు చెప్పాడు. బూడినాట్ 1822లో స్వదేశానికి వెళ్ళిపోయిన తరువాత అతనికీ హారియెట్‌కూ మధ్య ఉత్తరప్రత్యుత్తరాలు నడిచాయి. 1824 శరత్కాలంలో ఆమె తల్లిదండ్రుల ముందు విషయం పెట్టింది. వారు ఒప్పుకోలేదు. నిరాకరిస్తూ తండ్రి బూడినాట్‌కు ఉత్తరం రాశాడు.

ఆ శీతాకాలంలో హారియెట్ తీవ్రంగా జబ్బుపడింది. బ్రతకదనుకున్నారు. తల్లిదండ్రులకు తాము దైవసంకల్పానికి అడ్డుపడుతున్నామేమో అన్న భయం పట్టుకుంది. సమ్మతి తెలుపుతూ తండ్రి రెండో ఉత్తరం రాశాడు. పిల్ల కోలుకుంది. ఈ ఘట్టంలో మతం చేసిన పని గమనించదగినది. కార్న్‌వాల్ సమాజం హారియెట్‌ను వ్యతిరేకించడానికి ఏ దైవాన్ని ఉదాహరించిందో, ఆ తల్లిదండ్రులు అదే దైవానికి భయపడి సమ్మతించారు. హారియెట్ కూడా తన నిర్ణయాన్ని ప్రేమ పేరుతో సమర్థించుకోలేదు. చెరోకీల మధ్య మిషనరీగా సేవ చేయడానికి తనకు వచ్చిన పిలుపుగా దానిని చెప్పుకుంది. అది కేవలం సాకు అని తేల్చెయ్యడం తొందరపాటు అవుతుంది. ఆనాటి న్యూ ఇంగ్లండ్‌లో ఇరవయ్యేళ్ళ అవివాహిత స్త్రీకి ఇల్లు దాటి ఒక కార్యక్షేత్రానికి వెళ్ళే దారి మిషనరీ భార్య కావడమే. ఆమె కోరికా, ఆమె భక్తీ ఒకే వాక్యంలో మాట్లాడాయి.

1825 వేసవిలో పాఠశాల ఏజెంట్లకు విషయం తెలిసింది. ఆమె విరమించుకుంటే గుట్టుగా ఉంచుతామని, లేకుంటే ప్రకటిస్తామని చెప్పారు. ఆమె విరమించుకోలేదు. జూన్ 17 తేదీతో వారు ఒక నివేదిక ప్రకటించారు. ఆ పెళ్ళిని సమర్థించినవారందరినీ నేరస్తులుగా చిత్రించిన ఆ నివేదికపై సంతకం చేసినవారిలో లైమన్ బీచర్ ఉన్నాడు. తరువాతికాలంలో ‘అంకుల్ టామ్స్ కేబిన్’ రాసిన హారియెట్ బీచర్ స్టోవ్‌కు ఆయన తండ్రి. బానిసత్వ వ్యతిరేక సాహిత్యంలో ఆ ఇంటిపేరుకు ఉన్న స్థానం తలచుకుంటే ఈ సంతకం చదివేవారిని ఒక్క క్షణం ఆపుతుంది. ఇందులో వేషధారణ వెతకనవసరం లేదు. అన్యుడి ఆత్మను రక్షించడం, అన్యుణ్ణి అల్లుడిగా ఒప్పుకోవడం ఆ మనుషుల దృష్టిలో రెండు వేర్వేరు పనులు.

కొద్దిరోజులకు ఒక సాయంత్రం ఊరి మైదానంలో దిష్టిబొమ్మల దహనం జరిగింది. హారియెట్‌నూ, చెరోకీ యువకుణ్ణీ, ఇలాంటి పెళ్ళిళ్ళకు ప్రోత్సహించిందని భావించిన ఒక స్త్రీనీ చిత్రించి తారుపీపా మంటలో వేశారు. చర్చి గంట మరణసూచకంగా మోగింది. నిప్పంటించినవాడు హారియెట్ సోదరుడు స్టీఫెన్. క్షేమం కోసం స్నేహితులు పొరుగింట్లో దాచిన హారియెట్ ఆ గది నుంచే తన బొమ్మ కాలుతుండగా చూసింది. జూన్ 25న బంధువులకు రాసిన ఉత్తరంలో ఈ వివరాలన్నీ ఆమే నమోదు చేసింది. ఆ మంటను, పొగను చూస్తూ తనకు కలిగిన బాధను చెప్పింది. అయినా నిశ్చయం మారలేదని కూడా చెప్పింది. గాయకబృందంలోని తోటి యువతులను తెల్లదుస్తులు వేసుకొని, ఎడమచేతికి నల్లగుడ్డ కట్టుకొని రమ్మన్నారు. బ్రతికున్న మనిషికి చేసిన అశౌచం అది. కూతురు కులం తప్పి పెళ్ళి చేసుకుంటే ఆమె పేరున నీళ్ళు వదిలిన ఇళ్ళ గురించి విన్న తెలుగు పాఠకునికి ఈ క్రతువును ప్రత్యేకంగా వివరించనవసరం లేదు.

బావ హెర్మన్ వెయిల్ రాసిన సుదీర్ఘమైన ఉత్తరం ఈ వ్యవహారంలో అత్యంత ఆసక్తికరమైన పత్రాలలో ఒకటి. ఆదివాసీని పెళ్ళాడటం పాపమని ఆయన అనడు. ఆమె ఉద్దేశాలను ప్రశ్నిస్తాడు. ఈ పెళ్ళి వల్ల పాఠశాలకు, మిషన్ పనికి ప్రజల చందాలు, సానుభూతి పోతాయని వాదిస్తాడు. నిషేధం తనది కాదు, లోకానిది. లోకం ఒప్పుకోదు కాబట్టి వద్దు అన్నది ఆ వాదనకు సారం. సంస్కర్తలు వెనకడుగు వేసేటప్పుడు వాడే వాదన ఇదే కావడం వల్ల ఈ ఉత్తరానికి ఆ ఊరి ఎల్లలు దాటిన ప్రాధాన్యం ఉంది. దీనికి భిన్నంగా అమెరికన్ బోర్డు కార్యదర్శి జెరెమయా ఎవర్ట్స్ ఏజెంట్ల నివేదికను తప్పుపట్టాడు. అటువంటి వివాహాన్ని నేరమని ఏ ప్రాతిపదికన అంటారన్నది ఆయన ఆక్షేపణ. చట్టరీత్యా ఆయన మాట సరైనది. మసాచుసెట్స్, రోడ్ ఐలండ్ రాష్ట్రాలలో ఆదివాసులతో శ్వేతజాతీయుల వివాహాన్ని నిషేధించే శాసనాలు ఉండగా, కనెక్టికట్‌లో అటువంటి చట్టం లేదు. కార్న్‌వాల్‌లో శిక్ష విధించినది చట్టం కాదు, ఊరు.

1826 మార్చి 28న హారియెట్, బూడినాట్ దంపతులయ్యారు. పాఠశాల అదే ఏడాది మూతపడే దశకు చేరింది. ఆయా దేశాల్లోనే మిషన్లు నెలకొన్నందున ఇక్కడ బడి అవసరం తీరిందని అధికారికంగా చెప్పారు. రెండు పెళ్ళిళ్ళ ప్రస్తావన లేకుండా ఆ మూసివేతను అర్థం చేసుకోవడం సాధ్యం కాదు.

ఈ ఉదంతం మీద జరిగిన పరిశోధనకు రెండు ముఖ్యమైన ఆధారాలున్నాయి. థెరీసా స్ట్రౌత్ గాల్ 2005లో గోల్డ్ కుటుంబపు ఉత్తరాలను సంపాదకత్వం వహించి ప్రచురించారు. జాన్ డెమోస్ 2014లో పాఠశాల చరిత్రను గ్రంథస్థం చేశారు. ఉత్తరాల స్వభావాన్ని ఇక్కడ గుర్తుంచుకోవాలి. చరిత్రకారుల ముందున్నవి ఎక్కువగా గోల్డ్ బంధువర్గం ఒకరికొకరు రాసుకున్నవి. ప్రేమ గురించి తెలిసేది దాని గురించి తగువులాడినవారి ద్వారానే. ప్రేమించిన చెరోకీ యువకుని గొంతు ఆ కట్టలో అంచుకు జరిగిపోయింది. వలసవర్గపు స్త్రీ ధైర్యగాథగా మాత్రమే ఈ కథ చెప్పే అలవాటు ఆ అసమానత నుంచే వచ్చింది. చెరోకీల వైపు ఏం జరిగిందో చూడకపోతే సగం కథే తెలుస్తుంది.

గోత్రం లేని పిల్లలు

చెరోకీలు మాతృవంశీయులు. వారిలో ఏడు గోత్రాలున్నాయి. తెలుగువారికి గోత్రం తండ్రి నుంచి సంక్రమిస్తే, వారికి తల్లి నుంచి సంక్రమిస్తుంది. గోత్రం అంటే పెళ్ళి పొంతనల కోసం చూసుకునే పేరు మాత్రమే కాదు. ఆతిథ్యం, రక్షణ, హత్యకు ప్రతీకారం, జాతిలో సభ్యత్వం అన్నీ దానితో ముడిపడి ఉండేవి. ఈ పద్ధతిలో శ్వేతజాతి పురుషుణ్ణి పెళ్ళాడిన చెరోకీ స్త్రీకి పుట్టిన పిల్లలు ఏ సందేహమూ లేకుండా చెరోకీలు. చెరోకీ పురుషుడు శ్వేతజాతి స్త్రీని పెళ్ళాడితే తల్లికి గోత్రం లేదు కాబట్టి పిల్లలకూ లేదు. సాంప్రదాయిక దృష్టిలో వారు ఎవరికీ చెందరు. రిడ్జ్ తల్లి విముఖతను ఈ వెలుగులో చదివితే అది జాత్యహంకారానికి ప్రతిబింబంగా కాక, పుట్టబోయే మనుమల ఉనికి గురించిన ఆందోళనగా అర్థమవుతుంది.

ఇలా చూస్తే ఒకే పెళ్ళి రెండు వైపులా తప్పు దిశలో ఉంది. శ్వేతజాతి సమాజంలో భార్య న్యాయపరమైన అస్తిత్వం భర్తలో లీనమవుతుంది. అందువల్ల ఆదివాసీని చేసుకున్న ఆడపిల్ల ‘ఆదివాసీ అయిపోతుంది’. చెరోకీ సమాజంలో పిల్లలు తల్లినిబట్టి గుర్తింపు పొందుతారు. అందువల్ల వారు ‘చెరోకీలు కాలేరు’. పితృస్వామ్యానికీ మాతృవంశానికీ మధ్య పడిన కుటుంబం అది. అనులోమ దిశలో ఈ చిక్కు లేదు. రెండు వ్యవస్థల్లోనూ దానికి సర్దుబాటు దొరుకుతుంది. 1808లో జెఫర్సన్ ఆదివాసీ ప్రతినిధులతో ఇరుజాతుల రక్తం కలిసిపోతుందని చెప్పినప్పుడు గానీ, 1816లో యుద్ధశాఖామంత్రి క్రాఫర్డ్ అంతర్వివాహాలను విధానంగా సూచించినప్పుడు గానీ వారి ఊహలో ఉన్నది బహుశా ఆ సులువైన దిశే.

కార్న్‌వాల్‌లో బొమ్మలు కాలిన కొద్దినెలలకు, 1825 నవంబరు 10న, చెరోకీ జాతీయ మండలి ఒక చట్టం చేసింది. చెరోకీ పురుషులకు, వారితో భార్యలుగా కాపురం చేసే శ్వేతజాతి స్త్రీలకు పుట్టిన సంతానానికి, చెరోకీ తల్లులకు పుట్టినవారితో సమానంగా సకల హక్కులూ ఉంటాయని ఆ చట్టం ప్రకటించింది. రిడ్జ్ అప్పటికే పెళ్ళయినవాడు. బూడినాట్ పెళ్ళి నిశ్చయమై ఉంది. ఇద్దరూ అధికార కుటుంబాలవారు. కాబట్టి ఇది పలుకుబడి గలవారి సౌకర్యం కోసం చేసిన చట్టమని అనడానికి అవకాశం ఉంది. ఆ విమర్శలో నిజం ఉన్నా, అది మొత్తం నిజం కాదు. అదే 1825లో జరిగిన జనగణన ప్రకారం చెరోకీ దేశంలో 13,563 మంది పౌరులు, పెళ్ళి చేసుకొని స్థిరపడిన శ్వేతజాతి పురుషులు 147 మంది, శ్వేతజాతి స్త్రీలు 73 మంది ఉన్నారు. అంటే ప్రతిలోమ దాంపత్యాలు అనులోమాలలో దాదాపు సగం. హారియెట్‌కు ముందే, ఏ పత్రికా పట్టించుకోని పదుల సంఖ్యలో స్త్రీలు ఆ గీత దాటారు. వారి బొమ్మలు ఎవరూ కాల్చిన జాడ లేదు. కార్న్‌వాల్‌ను కదిలించినది శ్వేతజాతి స్త్రీ వెళ్ళడం ఒక్కటే కాదు, డీకన్ గారి కూతురు వెళ్ళడం.

చర్చి గంట మోగించిన ఊరు తన నియమాన్ని సడలించుకోలేదు. ‘అనాగరికులు’ అనిపించుకున్నవారు తరతరాల వంశనియమాన్ని మార్చుకున్నారు. ఇక్కడితో ఆపితే ఇది చక్కని నీతికథ అయ్యేది. కానీ ఆ జనగణనలోనే మరో అంకె ఉంది. 1,277 మంది ఆఫ్రికన్ బానిసలు. రిడ్జ్ కుటుంబం బానిసలను ఉంచుకున్న కుటుంబాలలో ఒకటి. 1824లోనే చెరోకీ మండలి నల్లజాతి బానిసలతో వివాహాలు చెల్లవని శాసించింది. 1827 నాటి చెరోకీ రాజ్యాంగం, చెరోకీ పురుషులకు స్వేచ్ఛాస్త్రీల వల్ల కలిగిన సంతానాన్ని గుర్తిస్తూనే, ఆఫ్రికన్ జాతి స్త్రీలను అందులోంచి మినహాయించింది. చెరోకీ పురుషునికి నల్లజాతి స్త్రీ వల్ల పుట్టిన బిడ్డకు కూడా సంప్రదాయం ప్రకారం గోత్రం లేదు. సారా పిల్లలకు తెరిచిన తలుపును ఆ బిడ్డకు తెరవలేదు. కంచె పడిపోలేదు; జరిగింది. సారా, హారియెట్‌ల ధైర్యాన్ని స్మరించే రచనలు చాలావరకు ఈ మినహాయింపు దగ్గర మౌనం వహిస్తాయి. ఆ పెళ్ళిళ్ళు నిషేధాన్ని ధిక్కరించినవే. ఆ ధిక్కారాన్ని ఇముడ్చుకున్న చట్టం మాత్రం మరో నిషేధం పక్కనే నిలబడింది.

న్యూ ఎకోటా

పెళ్ళయిన రెండు నెలలకు, 1826 మే 26న, బూడినాట్ ఫిలడెల్ఫియాలోని ఒక చర్చిలో శ్వేతజాతీయులను ఉద్దేశించి ఉపన్యసించాడు. చెరోకీ భాషలో అచ్చుయంత్రం కోసం చందాలు అడగడం దాని ఉద్దేశం. పైన చెప్పిన జనాభా లెక్కలను ఆ ప్రసంగంలోనే వినిపించాడు. తన బొమ్మను కాల్చిన ప్రాంతపు మనుషులనే సాయం అడగవలసిన స్థితి అది. సెక్వోయా రూపొందించిన లిపిలో, ఆంగ్లంలో కలిపి ‘చెరోకీ ఫీనిక్స్’ తొలి సంచిక 1828 ఫిబ్రవరి 21న రాజధాని న్యూ ఎకోటా నుంచి వెలువడింది. సంపాదకుడు బూడినాట్.

1829లో బెంజమిన్ గోల్డ్ దంపతులు బండి కట్టుకొని కూతురిని చూడటానికి న్యూ ఎకోటాకు వచ్చారు. ఇల్లు, పట్టణం, అచ్చుకూటం చూసి ఆయన సంతోషంగా ఇంటికి ఉత్తరం రాశాడు. హెర్మన్ వెయిల్ దంపతులతో కూడా హారియెట్, బూడినాట్‌ల ఉత్తరాల రాకపోకలు తిరిగి మొదలయ్యాయి. కుటుంబాలు సర్దుకున్నాయి. ఈలోగా రాజ్యం సర్దుకోలేదు. జార్జియా రాష్ట్రం చెరోకీ భూములపై తన చట్టాలు రుద్దింది. 1830లో తరలింపు చట్టం వచ్చింది. ఇక ప్రతిఘటన నిష్ప్రయోజనమని భావించిన రిడ్జ్‌లు, బూడినాట్ 1835 డిసెంబరు 29 నాటి న్యూ ఎకోటా ఒప్పందం పక్షాన నిలబడ్డారు. అధికసంఖ్యాకులైన చెరోకీల దృష్టిలో అది జాతిద్రోహం. హారియెట్ 1836 ఆగస్టు 15న, ఆరుగురు పిల్లలను వదిలి, న్యూ ఎకోటాలో మరణించింది. బూడినాట్ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆ భార్య డిలైట్ సార్జెంట్ కూడా శ్వేతజాతి మిషనరీ ఉపాధ్యాయినే. ఈసారి ఎక్కడా మంటలు రేగలేదు.

1839 జూన్ 22న, పశ్చిమానికి తరలివెళ్ళిన తరువాత, మేజర్ రిడ్జ్, జాన్ రిడ్జ్, బూడినాట్ ముగ్గురినీ ఒకే రోజు వేర్వేరు చోట్ల ఒప్పందపు శత్రువులు చంపారు. జాన్ రిడ్జ్‌ను భార్యాపిల్లల కళ్ళెదుటే చంపారు. సారా కనెక్టికట్‌కు తిరిగి వెళ్ళలేదు. పిల్లలతో ఆర్కన్సా రాష్ట్రంలోని ఫాయెట్‌విల్‌లో స్థిరపడింది. తండ్రి హత్యను చూసిన కుమారుడు జాన్ రోలిన్ రిడ్జ్ తరువాత కాలిఫోర్నియా చేరి, 1854లో హ్వాకీన్ మురియెటా అనే బందిపోటు గురించి నవల రాశాడు. అమెరికా ఆదివాసీ రచయిత రాసిన తొలి నవలగా సాహిత్యచరిత్రలు దానిని పేర్కొంటాయి.

బూడినాట్ పిల్లలను సవతితల్లి న్యూ ఇంగ్లండ్‌లోని బంధువుల వద్దకు చేర్చింది. వారిలో ఇలియాస్ కొర్నీలియస్ అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన, ఫ్రాంక్ ఉత్తరాది పక్షాన నిలిచారు. మరొక కుమారుడు విలియం పెన్ బూడినాట్ పెద్దయ్యాక చెరోకీ దేశానికి తిరిగివెళ్ళి, ‘చెరోకీ ఫీనిక్స్’ వారసత్వంగా వచ్చిన ‘చెరోకీ అడ్వొకేట్’ పత్రికకు సంపాదకుడయ్యాడు. తల్లి గోత్రం లేకపోయినా, 1825 నవంబరు చట్టం ప్రకారం అతడు ఆ దేశపు పౌరుడు.